పాదాలకు మిరప సారం

మా నాన్నకి షుగరు ఉందని తెలిశాక చాలా ఏళ్ళపాటు ఆ జబ్బు ఇంట్లో ఎవరినీ పెద్దగా ఇబ్బంది పెట్టలేదు. ఉదయం ఒక మాత్ర, రాత్రి ఒక మాత్ర వేసుకునేవారు. కాఫీలో పంచదార మానేశారు. పెళ్ళి భోజనాల్లో ఒక బూరె తిని రెండోది వద్దనేవారు. ఆ రెండోది వద్దనడాన్నే ఆయన పథ్యం అనేవారు. జబ్బంటే ఏమిటో మాకు నిజంగా తెలిసింది అది పాదాల్లోకి దిగాకే.

మొదట అరికాళ్ళలో తిమ్మిరి. తర్వాత చీమలు పాకుతున్నట్టు ఉండటం. ఆ తర్వాత మంట. నేను ఫార్మసీ చదివినవాణ్ణి కాబట్టి ఈ వరసలో చెబుతున్నాను గాని, ఆయన ఎప్పుడూ వరసగా చెప్పలేదు. పొయ్యిలో కాళ్ళు పెట్టుకున్నట్టుందని ఒకసారి, ఎవరో సూదులతో కుడుతున్నట్టుందని ఒకసారి అనేవారు. పగలు పనిలో పడితే కొంత మరిచిపోయేవారు. పడుకుంటే ఎక్కువయ్యేది. దుప్పటి అంచు తగిలినా ఓర్చుకోలేక పాదాలు మాత్రం బయట పెట్టుకునేవారు. సిమెంటు గచ్చు మీద, తడి తువ్వాలు మీద, చివరికి అరటి బోదె చీల్చి ఆ చల్లటి పట్టల మీద కూడా కాళ్ళు ఆనించి చూశారు. పట్టలు వెచ్చబడేదాకా కాస్త కునుకు పట్టేది.

అప్పుడు నేను తుని వైపు ఒక చిన్న కంపెనీలో పనిచేస్తున్నాను. మొక్కల నుంచి సారం తీసే కంపెనీ అది. ఎండుమిరప, పసుపు, అల్లం, పొడపత్రి లాంటివి పొడికొట్టి, సాల్వెంటులో నానబెట్టి, ఆ సాల్వెంటును ఆవిరిగా లాగేస్తే అడుగున చిక్కటి పదార్థం మిగులుతుంది. దాన్ని డ్రమ్ముల్లో నింపి మందుల కంపెనీలకు, మసాలా కంపెనీలకు పంపేవారు. నా పని ల్యాబులో. ప్రతి డ్రమ్ములోంచి శాంపిల్ తీసి, అందులో ఏది ఎంత పాళ్ళు ఉందో తేల్చాలి. శనివారం సాయంత్రం బస్సెక్కి రావులపాలెంలో దిగి, తెలిసిన కొట్లో పెట్టిన సైకిలు తీసుకుని ఊరికి వెళ్ళేవాణ్ణి.

మాకు ఇంటి దగ్గర కొద్దిగా మెరక భూమి, గోదావరి పాయ అవతల లంకలో అరటి తోట ఉండేవి. ఇల్లు నడిచింది లంక మీదే. లంకకి వెళ్ళాలంటే రేవు దాకా ఇసుకలో నడవాలి. నీరు ఎక్కువగా ఉంటే పడవ, తగ్గిన నెలల్లో మోకాటి లోతు పాయలో దిగి నడక. అవతలి ఒడ్డున ఒండ్రు. చెప్పులు చేత్తో పట్టుకుని దాటాల్సిందే. వేసుకుని దిగితే ఒండ్రు చెప్పును పట్టుకుని వదలదు.

ఆ కార్తీకంలో ఒక రోజు నాన్న రేవు దాకా వెళ్ళి వెనక్కి వచ్చేశారు. ఇసుక కాలిపోతోందని అమ్మతో అన్నారట. కార్తీకమాసంలో పొద్దున్న పూట ఇసుక ఎలా ఉంటుందో అమ్మకి తెలుసు. ఆమె చెంబుతో నీళ్ళిచ్చి, నేను వచ్చాక నాకు చెప్పింది.

ఆ సంగతి ఊళ్ళో ఇంకొకరికి కూడా తెలిసింది. మా లంక తోట పక్క తోట ఆయనది. చుట్టరికం లేదు గాని, ఊరి వరసలో నాన్నకి బావ. నాన్న కంటే చిన్నవాడు. వరస అలా కుదిరినందుకు ఇద్దరూ ఎక్కడ కలిసినా ఒకరినొకరు ఆటపట్టించకుండా వదిలేవారు కాదు. అలాంటి మనిషి ఈసారి వేళాకోళం ఏమీ లేకుండా వచ్చి కూర్చుని, తోట పాడైపోతుందని, తనకి కౌలుకిస్తే బాగా చూసుకుంటానని అడిగాడు. నాన్నకి కోపం రాలేదు. అదే నాకు ఆశ్చర్యం.

"ఉగాది దాకా చూస్తాను బావా. అప్పటికీ నేను దిగలేకపోతే నీకే ఇస్తాను" అన్నారు.

మా వీధిలో భూమి కౌలుకిచ్చేసిన పెద్దమనుషులు కొందరు ఉండేవారు. పొద్దున్నే అరుగు మీద పేపరు, పదింటికి టిఫిను, మధ్యాహ్నం పేకాట. వాళ్ళ గురించి నాన్నకి ఎప్పుడూ మంచి అభిప్రాయం లేదు. ఉగాది తరువాత తానూ ఆ అరుగు మీదికి చేరడమే ఆయన భయం. పైకి అనలేదు గాని, పేపరు కుర్రాడికి మా ఇంట్లో పేపరు వేయొద్దని ఆ వారమే చెప్పారు.

కాళ్ళ మంటకి అప్పటికే ఇంట్లో వాడి చూసినవి చాలా ఉన్నాయి. నేరేడు గింజల పొడి మజ్జిగలో కలిపి తాగారు. కాకరకాయ రసం పరగడుపున తాగారు. తిప్పతీగ కషాయం తాగి, ఆ చేదు పోవడానికి అరటిపండు తిని, అమ్మ చేత చీవాట్లు తిన్నారు. పొడపత్రి ఆకు గురించి నేనే చెప్పాను, దాని సారం మా కంపెనీలో తీస్తారు కాబట్టి. ఆ ఆకు నమిలితే కాసేపు నాలుకకి తీపి తెలియదు. పంచదార వేసుకుంటే ఇసుకలా ఉంటుంది. నాన్న ఆకు నమిలి, పరీక్ష కోసమని బూరె తిన్నారు. "ఇదేం మందురా, బూరెని బురద చేసింది" అని మిగతా ఆకులు గేదెకి వేసేశారు. ఇవన్నీ రక్తంలో షుగరు కోసం జనం వాడేవి. వీటిలో ఏది ఎంత పనిచేస్తుందో నేను చెప్పలేను. పాదాల మంటకి మాత్రం వేటితోనూ తేడా రాలేదు.

చివరికి రాజమండ్రిలో ఒక డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన నాన్నని బల్ల మీద పడుకోబెట్టి, కళ్ళు మూసుకోమని, పాదాల మీద సన్నటి నైలాన్ పోగుతో అక్కడక్కడ తాకాడు. తగిలినప్పుడల్లా చెప్పమన్నాడు. నాన్న చాలాసార్లు చెప్పారు. కొన్నిసార్లు తాకకుండానే చెప్పారు, కొన్నిసార్లు తాకినా చెప్పలేదు. డాక్టరు షుగరు మాత్రలు మార్చి, తిండి గురించి గట్టిగా చెప్పి, ఆఖర్న ఒక ట్యూబు రాశాడు. దాన్ని రోజుకి నాలుగుసార్లు మంట ఉన్నచోట పలచగా రాయాలి. మొదటి రోజుల్లో మంట పెరుగుతుంది. మానకుండా రాస్తే కొన్ని వారాలకి తగ్గుతుంది. మధ్యలో మానేస్తే మళ్ళీ మొదటికి వస్తుంది. పుండు గాని, చీలిక గాని ఉన్నచోట రాయకూడదు.

మందుల షాపులో ట్యూబు వెనక చదివితే నాకు తెలిసిన పేరే కనిపించింది. మిరపకాయలో కారాన్నిచ్చే పదార్థం. మా ల్యాబులో నేను కొలిచేది అదే. బస్సులో నాన్నకి చెప్పకుండా ఉండాల్సింది గాని చెప్పేశాను.

ఆయన ట్యూబు తిప్పి చూసి, "కాళ్ళు మండుతున్నాయని చెబితే కారం రాయమన్నాడా? తలనొప్పని వెళ్తే సుత్తి ఇస్తాడా?" అన్నారు. ముందు సీట్లో వాళ్ళు వెనక్కి తిరిగి చూశారు.

నేను వివరంగా చెప్పాను. నొప్పిని మోసుకెళ్ళే నరాల చివర్లు ఈ కారం తగిలినప్పుడు గట్టిగా స్పందిస్తాయి. పదే పదే తగిలితే వాటిలో నొప్పి కబురు అందించే పదార్థం తరిగిపోతుంది, చివర్లు మొద్దుబారతాయి. అందుకే మొదట మండి, తరువాత తగ్గుతుంది. మానేస్తే మళ్ళీ పోగవుతుంది. నాన్న అంతా విని, "అంటే మంటని ఏడిపించి ఏడిపించి నోరు మూయించడం అన్నమాట" అన్నారు. అంతకంటే బాగా నేను చెప్పలేను.

మొదటి రోజే తప్పు జరిగింది. మా వైపు మగవాళ్ళకి పొలం నుంచి రాగానే వేడినీళ్ళ స్నానం అలవాటు. కాగులో నీళ్ళు సలసల కాగి ఉండాలి. నాన్న తీరిగ్గా స్నానం చేసి, తుడుచుకుని, మంచం మీద కూర్చుని రాయించుకున్నారు. వేడికి మెత్తబడిన చర్మం మీద మందు పడటంతో ఆయన లేచి పెరట్లో నూతి చుట్టూ తిరిగారు. నేను అప్పుడు ఇంట్లోనే ఉన్నాను. వేడినీళ్ళకీ ఈ మందుకీ పడదని, స్నానానికీ రాయడానికీ మధ్య బాగా ఎడం ఉండాలని, పాదాలు చన్నీళ్ళతోనే కడగాలని అప్పుడు చెప్పాను. అమ్మ చేతికి ప్లాస్టిక్ కవరు తొడుక్కుని రాయాలని, తరువాత కళ్ళు నలుపుకోకూడదని కూడా చెప్పాను. కవరు జారిపోతోందని ఆమె తమలపాకు మీద మందు వేసి, ఆకుతో పులమడం మొదలుపెట్టింది. బాగానే ఉంది, నేను అడ్డుచెప్పలేదు.

సంగతి ఊరికి తెలియడానికి ఎక్కువ రోజులు పట్టలేదు. పక్క తోట బావగారు మా అరుగు ఎక్కుతూనే, "ఏవండి బావగారూ, కాళ్ళకి ఆవకాయ పెట్టుకుంటున్నారంట? ముక్కలు ఎప్పుడు వేస్తారు?" అన్నాడు.

"నీ నాలుక కోసి వేద్దామనుకుంటున్నాను" అన్నారు నాన్న.

"ఆయ్, వెయ్యండి. నూనె మాత్రం తక్కువ పొయ్యకండే, బూజు పడుద్ది."

నేను వారానికోసారి వస్తూనే ఉన్నాను. వచ్చినప్పుడల్లా పాదాలు పరీక్షగా చూసేవాణ్ణి. వేళ్ళ సందులు, మడమలు, గోళ్ళ అంచులు. చీలికలు లేవు, పుండ్లు లేవు. ట్యూబు అయిపోవాల్సిన వేళకి అయిపోతోంది. షుగరు కూడా కొంత దిగింది. మంట మాత్రం తగ్గలేదు. మందు రాసినప్పుడు మండటం కూడా మొదటి రోజు ఎంత మండిందో అంతే మండుతోంది. నన్ను ఆలోచనలో పడేసింది ఈ రెండోదే. నొప్పి తగ్గకపోవడానికి సవాలక్ష కారణాలు ఉండొచ్చు. కానీ ఇన్ని వారాలు రాశాక మందు పెట్టే మంటైనా తగ్గాలి. తగ్గలేదంటే మందు చర్మం మీద నిలవడం లేదు. సంక్రాంతి వెళ్ళిపోయింది. ఉగాది దగ్గరికొస్తోంది.

నాన్నకి ఇంకో ఆలోచన వచ్చింది. ఒక ఆదివారం నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, గొంతు తగ్గించి అడిగారు. ట్యూబులో ఉన్నది పలచన సరుకని, మా కంపెనీలో అసలు సరుకు డ్రమ్ముల కొద్దీ ఉంటుంది కదా, ఒక చిన్న సీసాలో పట్టుకొస్తే ఏమవుతుందని. దొంగతనం చేయమనడం లేదని, కొనిపెట్టమనే అంటున్నానని కూడా అన్నారు.

ఏమవుతుందో నాకు బాగా తెలుసు. మా దగ్గర మిరప సారం నల్లగా కనిపించేంత ఎర్రగా, బెల్లం పాకంలా ఉంటుంది. మూత తీసిన గదిలో మాస్కు లేకుండా ఎవరూ నిలబడరు. గ్లౌజు చిరిగి ఒక చుక్క మణికట్టుకి తగిలితే ఆ రోజంతా ఆ మనిషి పని చేయలేడు. ట్యూబులో ఉన్నది దాని ముందు ఏమాత్రం లెక్కలోకి రాదు. తగలకూడని చోట తగిలినప్పుడు మేం ముందు నీళ్ళు పోయం. నీళ్ళలో అది కరగదు, పైగా ఇంకా పాకుతుంది. వేరుశెనగ నూనె రాసి, గుడ్డతో తుడిచి, ఆ తరువాత సబ్బు పెడతాం. నూనెలో కరిగి వచ్చేస్తుంది. ఇదంతా ఆయనకి చెప్పి, తేలేనన్నాను. ఆయన ఇంక అడగలేదు. వంటింటి గుమ్మంలో నిలబడి వింటున్న అమ్మ మాత్రం, "నూనె కంటే వెన్న మంచిది" అని లోపలికి వెళ్ళిపోయింది.

ఆ మాట నాకు వెంటనే వెలగలేదు. ఆ సాయంత్రం బస్సుకి బయల్దేరాల్సినవాణ్ణి, సైకిలు చైను ఊడిపోయి ఆలస్యమై ఆగిపోయాను. అందువల్ల మందు రాసే వేళకి ఇంట్లో ఉన్నాను. అమ్మ తమలపాకుతో రాసింది. నాన్న పళ్ళు బిగపట్టి, మంచం పట్టె పట్టుకుని కూర్చున్నారు. కాసేపటికి అమ్మ లోపలికి వెళ్ళి గిన్నె తెచ్చింది. గిన్నెలో ఆ పూట చిలికిన వెన్నపూస. ముద్ద తీసి ఆయన అరికాళ్ళకి నెమ్మదిగా పట్టించి, పాత చీర గుడ్డతో మెత్తగా తుడిచేసింది. నాన్న కళ్ళు మూసుకుని వెనక్కి వాలారు.

"ఇదెప్పటి నుంచి?" అన్నాను.

"మొదటి రోజు నుంచీను. అంత మండుతుంటే ఎలా చూస్తూ కూర్చోమంటావు? ఆవకాయ కలిపిన రోజు మా చేతులు మండితే ఏం రాసుకుంటాం? ఇదేగా."

మా ఇళ్ళలో వేసవిలో ఆవకాయ కారం కలపడం ఒక రోజుతో అయ్యే పని కాదు. జాడీలు నిండేదాకా ఆడవాళ్ళ చేతులు మణికట్ల దాకా ఎర్రగా ఉంటాయి. పని అయ్యాక వరసగా కూర్చుని, వెన్నో మీగడో పట్టించుకుంటారు. కారం చేసిన మంటకి అదే విరుగుడని చిన్నప్పటి నుంచి నేను చూస్తున్నదే. విరుగుడుగా అది సరైనదే. మేం ల్యాబులో వాడే నూనె కూడా ఆ పనే చేస్తుంది. మందు చర్మంలోకి ఇంకేలోగా వెన్న దాన్ని పూర్తిగా కరిగించి తీసుకెళ్ళిపోతోంది. నాన్న పాదాలు రోజుకి నాలుగుసార్లు మండి, నాలుగుసార్లు మొదటికి వస్తున్నాయి.

నేను ఆ సంగతి చెప్పాను. అమ్మ గిన్నె వైపు చూసింది. ఆమె ముఖంలో కనిపించింది బాధ కాదు, విసుగు. "మరి వెన్న రాయకూడదని డాక్టరు చెప్పలేదేం?" అంది. నిజమే, చెప్పలేదు. ఏ డాక్టరు చెబుతాడు?

నాన్న మాత్రం కళ్ళు తెరవకుండానే, "ఆ వెన్న పట్టించినప్పుడు ఉండే సుఖం కోసమే నేను ఆ కారం రాయించుకుంటున్నానురా. అదీ తీసేస్తే ఇంకేం మిగిలింది?" అన్నారు.

"లంక మిగులుతుంది నాన్నా" అన్నాను.

వెన్న మానడం అనుకున్నంత తేలిక కాదు. నాన్న ఓర్చుకోగలరు, అమ్మ ఓర్చుకోలేదు. ఆయన మూలిగితే ఆమె చేయి గిన్నె వైపు వెళ్తుంది. అందుకని వేళలు మార్చాం. ఉదయం, సాయంత్రం గేదె దగ్గరికి పాలకి వెళ్ళబోయే ముందు రాసి వెళ్ళిపోవాలి. పాలు పితికి, కొలిచి, కేంద్రంలో పోసి వచ్చేసరికి మంట దానంతట అది దిగుతుంది. మధ్యాహ్నం అన్నం తిన్నాక రాసి, ఆమె పక్కింటికి వెళ్ళాలి. పడుకోబోయే ముందు రాసేదాన్ని మాత్రం ఆమె ఎదురుగానే భరించాలి. ఆ వేళకి టీవీలో సీరియల్ వస్తుంది. సౌండు కొద్దిగా పెంచుకుంటానంది.

ఆ మొదటి వారం ఎలా గడిచిందో నేను చూడలేదు. బూత్ నుంచి పక్కింటికి ఫోన్ చేస్తే అమ్మే మాట్లాడింది. పాలు కాస్త ఎక్కువిస్తోంది గేదె, రోజూ వేళకి పితకడం వల్ల కాబోలు అంది. నాన్న సంగతి అడిగితే, అరుస్తున్నారు గాని నేను వినట్లేదు అంది.

తరువాతి వారం వెళ్ళేసరికి మందు రాసినప్పటి మంట తగ్గింది. నాన్న రాయించుకుంటూనే మాట్లాడుతున్నారు. ఇంకో రెండు మూడు వారాలకి అసలు మంట కూడా దిగడం మొదలైంది. పూర్తిగా పోలేదు. ఎడమ పాదం బొటనవేలి కింద, కుడి మడమ దగ్గర మిగిలే ఉంది. కానీ దుప్పటి పాదాల మీదికి లాక్కుని పడుకున్నారు. నేను శనివారం వచ్చేసరికి నిద్రలో ఉన్నారు. అమ్మ నన్ను గుమ్మంలోనే ఆపి, చెప్పులు చప్పుడు చేయకుండా విడవమంది.

ఉగాదికి ముందు మళ్ళీ రాజమండ్రి తీసుకెళ్ళాను. నాన్న ఉత్సాహంగా ఉన్నారు. డాక్టరుకి తానే సంగతంతా చెప్పారు, వెన్నతో సహా. డాక్టరు నవ్వి, మళ్ళీ కళ్ళు మూసుకోమని, నైలాన్ పోగు తీశాడు. నేను పక్కనే నిలబడి చూస్తున్నాను. ఈసారి తాకకుండా చెప్పడం లేదు. కానీ వేళ్ళ కింద, పాదం ముందు భాగం అంతటా పోగు వంగేలా నొక్కినా నాన్న ఏమీ అనలేదు. తగలడం కోసం ఎదురుచూస్తున్నట్టు ముఖం పెట్టుకుని పడుకున్నారు.

"లంకలో దిగొచ్చాండి?" అని అడిగారు లేచి కూర్చుంటూ.

డాక్టరు తొందరపడకుండా చెప్పాడు. ఈ మందు నొప్పిని అణిచింది, నరాన్ని బాగుచేయలేదు. దెబ్బతిన్న నరం దెబ్బతిన్నట్టే ఉంది. ఇన్నాళ్ళూ మంట ఉండబట్టి పాదం ఉందని మీకు గుర్తుండేది. ఇప్పుడు గాజుపెంకు దిగినా తెలియకపోవచ్చు. షుగరు అదుపులో ఉంచండి, రోజూ అరికాలు చూసుకోండి, ఉత్త కాళ్ళతో మాత్రం దిగొద్దు.

బస్సులో నాన్న కిటికీలోంచి చూస్తూ కూర్చున్నారు. బ్రిడ్జి మీద బస్సు ఆగినప్పుడు కింద పాయల్లో నీళ్ళు బాగా తగ్గిపోయి ఇసుక మేటలు తేలి ఉన్నాయి. బస్సు కదిలేదాకా ఆయన వాటినే చూశారు.

ఇంటికొచ్చాక రెండు రోజులు ఏవేవో ప్రయత్నించారు. కాన్వాసు బూట్లతో పాయలో దిగితే ఒక బూటు ఒండ్రులో ఉండిపోయింది. కంపెనీ నుంచి నేను తెచ్చిన రబ్బరు బూట్లు నీళ్ళు నిండి కదలనివ్వలేదు.

ఉగాది నాడు పక్క తోట బావగారు వచ్చాడు. అమ్మ పచ్చడి ఇచ్చింది. తిని, గిన్నె కింద పెట్టి, నాన్న పాదాల వైపు చూసి, "నిద్ర పడుతోందంట. ఐతే లంక నాకు లేనట్టే కదండి బావగారూ" అన్నాడు. నిజంగానే సంతోషించినట్టు కనిపించాడు, కొంచెం నిరాశగా కూడా ఉన్నాడు. రెండూ దాచుకోలేదు.

నాన్న చెప్పారు. "మంట లేదు బావా. కానీ కాలికి ఏమీ తెలియట్లేదు. తోటకి నీరు పెట్టాలో వద్దో నేను ఎప్పుడూ చేత్తో చూడలేదు. గట్టు దిగి నాలుగడుగులు వేస్తే అరికాలే చెప్పేసేది. మొన్న పెరట్లో తడి మట్టి అనుకుని తొక్కింది ఎండుటాకుల కుప్పని. మంట ఉన్నప్పుడు మంట మాటున ఇది నాకు కనపడలేదు."

ఉత్త కాళ్ళతో దిగొద్దన్న డాక్టరు మాట నాకు తెలుసు గాని, ఆయన పోగొట్టుకున్నది ఇదని నాకు అంతవరకు తెలియదు. నేను ఎప్పుడూ మంటనే కొలుస్తూ వచ్చాను.

"కౌలుకివ్వను. పంట పంచుకుని పాలుకి చేద్దాం" అన్నారు నాన్న. "నీ కాళ్ళు, నా చెయ్యి. నీళ్ళు, పాయ దాటడం, ఒండ్రులో పని నీవి. పిలకలు తీయడం, గెల ఎప్పుడు కోయాలో చూడడం, రావులపాలెంలో బేరం నావి."

"నా కాళ్ళు, మీ నోరు అనండి."

"అలాగే అనుకో."

"మరి మీరు అవతలికి ఎలా వస్తారు? నేను ఎత్తుకోనండే."

"గెలల బండి ఎలాగూ వెళ్తుందిగా. ఎక్కి కూర్చుంటాను." బండి మీద పాయ దాటేవాళ్ళని నాన్న అప్పటిదాకా పెళ్ళికూతుళ్ళనేవారు. బావగారికి అది గుర్తులేక కాదు, ఆ పూటకి వదిలేశాడు. ఆయ్, అలాగేనండి అని, రెండోసారి పచ్చడి అడిగి వేయించుకున్నాడు.

ఆ తరువాతి ఆదివారం నేను కూడా వెళ్ళాను. నాన్న బండిలో గడ్డి మీద కూర్చున్నారు, కాళ్ళకి మేజోళ్ళు, కొత్తగా కొన్న కాన్వాసు బూట్లు. ఎడ్లు నీళ్ళలో దిగినప్పుడు రెండు పాదాలూ పైకెత్తి పట్టుకున్నారు. మందు ట్యూబు అమ్మ మూట కట్టి ఇచ్చింది, మధ్యాహ్నం వేళ తప్పకూడదని. తోటలో దించాక బూట్లతోనే వరసల మధ్య నడిచారు. కొంచెం వెడల్పుగా అడుగులు వేస్తూ, ప్రతి అడుగూ కళ్ళతో చూసుకుని. బావగారు ఉత్త కాళ్ళతో తోట చివరి దాకా వెళ్ళొచ్చి, తడి ఉందని, రెండు రోజులు ఆగొచ్చని చెప్పాడు. నాన్న గొంతుక్కూర్చుని, వేళ్ళతో మట్టి తవ్వి, ముద్ద చేసి, అది పొడిగా విడిపోవడం చూశారు.

"పైన పైన చూసొచ్చావు. వేరు దగ్గర లేదు" అన్నారు.

"నలభై ఏళ్ళుగా ఇదే కాలండి నాది."

"నాదీ అంతే."

ఇద్దరూ అలా కాసేపు వాదించుకున్నారు. బావగారు మళ్ళీ వెళ్ళి ఇంకో వరసలో మడమతో తవ్వి చూశాడు. నాన్న ఇంకో చోట చేత్తో తవ్వారు. చివరికి ఎండ ఎక్కుతోందని బావగారు ఒప్పుకుని, ఫిల్టర్ పాయింటు బోరు దగ్గరికి వెళ్ళి నీళ్ళ ఇంజను తిప్పమని నాకు చెప్పాడు.